మాకంటే తక్కువ వాన పడే ఊరు

రాత్రి అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే మర్నాడు పొద్దెక్కాక అహ్మద్‌నగర్. పేరు అహిల్యానగర్‌గా మారింది గానీ ఆటోవాళ్ళకి ఇంకా ఉత్త 'నగరే'. నేను చూడాలనుకున్న ఊరు, నీళ్ళ విషయంలో ఆదర్శ గ్రామమని పేరున్న మహారాష్ట్ర పల్లె హివ్రే బజార్, అక్కడికి పదహారు, పదిహేడు కిలోమీటర్లు. దానికి ఆటోవాడు ఎనిమిది వందలు అడిగాడు! తెలుగులోనే తిట్టుకుని ఎర్ర బస్సు కోసం గంటన్నర నిలబడ్డాను. అదేమో నన్ను రోడ్డు మీద దించి వెళ్ళిపోయింది. చివరికి పాల క్యాన్లు కట్టుకుని వస్తున్న ఒక పెద్దాయన బైకు ఆపి, రెండు క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చోమన్నాడు.

నిజం చెప్పొద్దూ, తప్పులు పట్టడానికే వెళ్ళాను. ఆదర్శ గ్రామం బోర్డులు మా జిల్లాలో తక్కువా? మా ఊళ్ళోనూ వాటర్‌షెడ్ కమిటీ ఉండేది. సంతకాలకి పుస్తకం ఇంటికే వచ్చేది, చెక్‌డ్యాం ఎక్కడ కట్టాలో మాత్రం ఎవరూ మమ్మల్ని అడగలేదు. అడిగి ఉంటే నీళ్ళు ఏ వంకలో పారతాయో మా అవ్వే చెప్పేది.

కరువు మాటెత్తితే మా వైపు మొదట వచ్చే జవాబు "వాన లేదప్పా" అని. అనంతపురం సగటు వాన 552 మిల్లీమీటర్లు. హివ్రే బజార్‌లో పడేది సుమారు 400. రైల్లో ఈ లెక్క చదివినప్పుడే నాకు చిరాకు మొదలైంది.

పెద్దాయన నన్ను నేరుగా తన బావి దగ్గరికి తీసుకెళ్ళాడు. బోరు కాదు, రాతికట్టు దిగుడుబావి. వంగి చూస్తే నా మొహం కనబడింది. మా నాన్న వేసిన ఏడు బోర్లలో నీళ్ళు పడినవి రెండు, అవీ నాలుగేళ్ళే. ఇక్కడ సేద్యానికి బోరు వేయకూడదట. చెరకు, అరటి వేయకూడదు. కొండ మీద గొడ్డలి పెట్టకూడదు, పశువుల్ని వదలకూడదు. ఆ కొండ వాలుకి అడ్డంగా వరసలు వరసలుగా కందకాలు. శ్రమదానంలో తానూ తవ్వానని అరచేయి చూపించాడు, ఇన్నేళ్ళకి కాయలేం మిగిలి ఉంటాయి గానీ.

ఎం.కాం. చదివిన పోపట్‌రావ్ పవార్ 1989లో సర్పంచి అయ్యాక మొదలైన కథ ఇది. ఆయనకి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. నాకు ఆయన కన్నా ఈ పాలాయన గొణుగుడే నచ్చింది. వానాకాలం అయిపోగానే గ్రామసభలో లెక్క తేలుస్తారు: ఎంత వాన పడింది, భూమిలో ఎంత ఉంది, మనుషులకీ పశువులకీ తీసి పక్కన పెట్టాక పంటకి ఎంత మిగులుతుంది. దాన్నిబట్టే రబీ.

"ఉల్లి వేద్దామనుకున్నా బాబూ. సభలో శనగ చాలన్నారు," అన్నాడు, పిఠ్లా భాక్రీ, అంటే శనగపిండి కూరా రొట్టే, నా ముందుకు తోస్తూ.

"మీ పొలం, మీ బావి కదా?"

"బావి నాదే. నీళ్ళు నావా?"

కోపంగానే అన్నాడు. వేసింది మాత్రం శనగే. భోజనానికి డబ్బు తీసుకోలేదు. ఆటోవాడి మీద కోపం అప్పుడు కొంచెం తగ్గింది.

తిరుగు రైల్లో మా చిన్నాయన నోటుపుస్తకం గుర్తొచ్చింది. 2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల్లో రైతులతోనే భూగర్భజలాలు కొలిపించిన ప్రాజెక్టు ఒకటి నడిచింది, అందులో అనంతపురమూ ఉంది. చిన్నాయన బోరులోకి తీగ వదిలి లోతు రాసుకునేవాడు. రబీకి ముందు అందరూ కూర్చుని ఏ పంటకి ఎన్ని నీళ్ళు కావాలో లెక్కేసేవాళ్ళు. అంటే ఈ విద్య మాకు కొత్తదేం కాదు. ప్రాజెక్టు అయిపోయింది, పుస్తకం అటకెక్కింది, ఆ ఏడాదే మా వీధిలో మూడు బోరు లారీలు దిగాయి.

సోలాపూర్ దాటాక ఫోన్ చేశాను.

"చిన్నాయనా, ఆ వాన కొలిచే డబ్బా ఉందా ఇంకా?"

"ఉంది లేరా. మీ చిన్నమ్మ దాంట్లో కొత్తిమీర వేసింది," అన్నాడు. కాసేపాగి, "ఎందుకు, పీకెయ్యమంటావా?"