సబ్-1 జన్యువును ఒక సన్నరకంలోకి మార్చిన పని: నా అనుభవం

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 70 అడుగులు దాటినప్పుడు, దిగువన లంక గ్రామాలతో పాటు డెల్టాలోని పల్లపు పొలాల్లో నారుమళ్లు కూడా నీట మునిగాయి. ఆ ఏడాది చివర్లో నేను మొక్కల ప్రజననం విభాగంలో పీహెచ్‌డీలో చేరాను. ఆయకట్టు శివారు భూముల్లో సార్వాకు (ఖరీఫ్‌లో) వేసే ఒక సన్న వరి రకానికి ముంపును తట్టుకునే గుణాన్ని తీసుకురావడం, తక్కిన గుణాలేవీ మారకుండా చూడడం నాకు అప్పగించిన పరిశోధనాంశం. ఆ రకం తాలూకు కొత్త లైన్లు, అంటే ఆ సంకరాల నుంచి ఎంపిక చేసిన వంశాలు, ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయి కనుక దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులకు, విత్తనం వెనుక జరిగే పని ఏమిటో తెలుసుకోవాలనుకునే రైతు కుటుంబాల వారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముంపును తట్టుకునే గుణం మనకు ఒడిశా రైతుల నుంచి వచ్చింది. అక్కడి ఒక దేశవాళీ వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్ 13ఏ అనే రకం పూర్తిగా నీట మునిగినా రెండు వారాల దాకా బతుకుతుందని శాస్త్రవేత్తలకు చాలాకాలంగా తెలుసు. ఆ శక్తికి ప్రధాన కారణం 9వ క్రోమోజోమ్ మీద ఉన్న ఒక భాగమని 1996లో గుర్తించి దానికి సబ్-1 అని పేరు పెట్టారు. అందులో అసలు పని చేసేది సబ్-1ఏ అనే జన్యువని 2006లో తేలింది. మామూలు వరి మునిగిన వెంటనే గాలి కోసం పైకి సాగుతుంది, ఆ సాగడంలోనే కాండంలో దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చు చేసుకుని, నీరు తీసే వేళకు నిలబడే సత్తువ లేక కూలిపోతుంది. సబ్-1ఏ ఉన్న మొక్క ఆ సాగుడును ఆపుకుని, ఉన్న శక్తిని పొదుపు చేసుకుంటుంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029లోకి ఈ జన్యువును చేర్చి రూపొందించిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. నేను దాతగా, అంటే జన్యువును ఇచ్చే రకంగా, తీసుకున్నది దాన్నే. ఎఫ్ఆర్ 13ఏ తో నేరుగా సంకరం చేస్తే దాని ముతక గింజ, తక్కువ దిగుబడి కూడా వెంట వచ్చేవి, వాటిని వదిలించుకోవడానికి మరిన్ని తరాలు పట్టేవి.

సంకరం చేయడమనే పని పుస్తకంలో అరపేజీ కూడా ఉండదు. బురదలో నిలబడి చేసేటప్పుడు మాత్రం అదే అన్నిటికంటే పెద్ద పని. ముందు రెండు రకాలూ ఒకేసారి ఈనాలి. స్వర్ణ సబ్-1 దీర్ఘకాలిక రకం, మా సన్నరకం దానికంటే ముందుగా పూతకు వస్తుంది. అందువల్ల సన్నరకాన్ని వారం వారం తేడాతో కొన్ని దఫాలుగా నారు పోసుకుంటాం, ఏదో ఒక దఫా దాతతో కలుస్తుందన్న ఆశతో. సాయంత్రం ఎండ వాలాక, పొట్టలోంచి సగానికి పైగా బయటికి వచ్చిన వెన్నును ఎంచుకోవాలి. కొసన అప్పటికే విచ్చుకున్న పువ్వులనూ, అడుగున మరీ లేతగా ఉన్నవాటినీ కత్తిరించి తీసేస్తే, మర్నాడు విచ్చుకోబోయేవి మధ్యలో మిగులుతాయి. వెన్నును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, పుప్పొడి తిత్తులు పొట్టులో సగం ఎత్తుకు వచ్చిన పువ్వులు నీడలా తెలుస్తాయి, మనకు కావలసినవి అవే. ఒక్కో పువ్వుకూ పొట్టు పైభాగాన్ని మూడో వంతు మేర ఏటవాలుగా కత్తిరించి, లోపలి ఆరు తిత్తులనూ పట్టకారుతో పగలకుండా బయటికి తీయాలి. ఒక్క తిత్తి మిగిలినా ఆ పువ్వు తన పుప్పొడితో తానే గింజ కట్టేసుకుంటుంది, ఆ గింజను మనం సంకరమనుకుని నెలల తరబడి పెంచుతాం. అందుకే తిత్తులు తీసిన వెన్నుకు వెంటనే బటర్ పేపర్ సంచి తొడిగి, తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, కింద తేదీ రాసిన చీటీ కడతాం. ఆ చీటీని పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా మంచుకు, వానకు కారిపోతుంది.

మర్నాడు ఉదయం పదింటికి అటూ ఇటూగా సుంకు, అంటే పుప్పొడి, రాలే సమయం. దాత రకం వెన్నును తెచ్చి, సంచి పై మూతి విప్పి, లోపలి పువ్వుల మీద దులపాలి. వరి పుప్పొడి కొద్ది నిమిషాలకు మించి బతకదు కనుక, దాత మొక్కలను కుండీల్లో పెట్టి తల్లి మొక్కల పక్కకే చేర్చుకోవడం మేలు. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి మొలకెత్తే శక్తి పడిపోతుంది. దాళ్వా (రబీ) పంటలో పూత ఏ కాస్త ఆలస్యమై మార్చి ఎండల్లో పడినా సంచుల్లో తాలు తప్ప మరేమీ కనబడదు, వాతావరణ మార్పు గురించిన వ్యాసాల్లో చదివిన మాట అక్కడ నాకు తాలు గింజల రూపంలో చేతికి వచ్చింది. నాలుగు వారాలు గడిచాక కోసే సంకర గింజ చూడడానికి చిత్రంగా ఉంటుంది. పొట్టు కత్తిరించి ఉండడం వల్ల బియ్యపు గింజ కొస బయటికి పొడుచుకు వచ్చి, సన్నగా, కాస్త ముడతపడి ఉంటుంది. చీమలకూ బూజుకూ అది సులభంగా దొరికే తిండి, కాబట్టి కోసిన రోజే ఆరబెట్టి సీసాలో వేసుకోవాలి.

ప్రయోగశాలలో చేసే పనిని క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అది ఎక్కడైనా ఒకే తీరున సాగుతుంది. రెండంగుళాల లేత ఆకు ముక్కను ఐసు పెట్టెలో తెచ్చి, నూరి, డీఎన్ఏ తీసి, పీసీఆర్‌తో కావలసిన ముక్కకు ఎన్నో ప్రతులు చేసి, వాటిని పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద నడిపిస్తే, ఏఆర్‌టీ-5 అనే మార్కర్, అంటే జన్యువు జాడ చెప్పే డీఎన్ఏ గుర్తు, ఆ మొక్కలో సబ్-1 ఉందో లేదో చెబుతుంది. మొదటి తరం మొక్కలను తిరిగి మా సన్నరకంతో సంకరం చేయడం, వచ్చిన సంతానంలో జన్యువున్న సగం మొక్కలను మాత్రమే ఉంచి మళ్లీ సన్నరకంతోనే సంకరం చేయడం, ఇదే బ్యాక్‌క్రాస్ పద్ధతి. మొదటి బ్యాక్‌క్రాస్‌లో సగటున 75 శాతం, రెండోదానిలో 87.5 శాతం, మూడోదానిలో 93.75 శాతం మన రకం జన్యు సంపద వెనక్కి వస్తుంది. ఇవి సగటులు మాత్రమే, పన్నెండు క్రోమోజోముల మీదా మార్కర్లు పెట్టి చూస్తే ఒకే వెన్ను నుంచి వచ్చిన అన్నదమ్ముల మధ్య కూడా ఎంతో తేడా కనిపిస్తుంది. మన రకానికి ఎక్కువ దగ్గరైన మొక్కను ఎంచుకుంటే ఒక తరం కలిసివస్తుంది. మార్కర్ వల్ల లాభం ఇదే. నారు దశలోనే అక్కరలేని మొక్కలను పక్కన పెట్టవచ్చు, ప్రతి తరాన్నీ నీటిలో ముంచి చూడనక్కరలేదు.

అయితే పెళ్లికూతురి వెంట సారె వచ్చినట్టు, జన్యువు వెంట దాని ఇరుగుపొరుగు కూడా వస్తుంది. స్వర్ణ వడ్ల పొట్టు బంగారు ఛాయలో ఉంటుంది, స్వర్ణ సబ్-1 పొట్టు ఎండుగడ్డి రంగులో ఉంటుంది. పొట్టులోని ఆ ముదురు రంగును అణచే జన్యువు ఒకటి 9వ క్రోమోజోమ్ మీద సబ్-1కు బాగా దగ్గరగా ఉండడమే దీనికి కారణం. మా సన్నరకానిదీ ముదురు పొట్టే. ఆ రెండింటినీ విడదీసే మొక్క దొరుకుతుందేమోనని ప్రతి బ్యాక్‌క్రాస్‌లో జన్యువుకు రెండు పక్కలా మార్కర్లు పెట్టి వెతికాము. ఒక పక్క దాత క్రోమోజోమ్ ముక్క జన్యువుకు బాగా దగ్గరగా తెగిన మొక్కలు దొరికాయి, కానీ రంగు మాత్రం విడిపోలేదు. మేము పెంచగలిగిన మొక్కల సంఖ్యలో అది దొరకడం కష్టమని గైడ్ గారు మొదటే అన్నారు. దిగుబడికి, వంటకు ఈ రంగుతో సంబంధం లేదు. అయినా వడ్లను చేతిలోకి తీసుకుని రంగు చూసి రకం చెప్పే కమీషన్ వ్యాపారి ముందు రైతుకు ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

ఈ పని మధ్యలో, 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారం మేము పొలాల పరిశీలనకు వెళ్లినప్పుడు కోతకు వచ్చిన చేలు నేలకు ఒరిగి నీళ్లలో ఉన్నాయి, పనల మీద వడ్లు తెల్లగా మొలకలు వేశాయి. ఒక పెద్దాయన నా పరిశోధన సంగతి ఓపికగా విని, పన లోంచి ఒక వెన్ను తీసి నా చేతిలో పెట్టి ఇలా అన్నారు: “జూలై నీళ్లకు నారు పోతే మళ్లీ పోసుకుంటామమ్మా. కోతకొచ్చింది ఇలా మొలకెత్తితే ఏం పోసుకోమంటావు?” సబ్-1 ఆ ప్రశ్నకు జవాబు కాదు. అది నారు, పిలకల దశలో మొక్క పూర్తిగా మునిగినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. మొలకెత్తే విత్తనాన్ని నీటి అడుగున కాపాడదు, మోకాలి లోతు నీరు నెలల తరబడి నిలిచే చేనులోనూ దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు, పడిపోయిన చేనుకు, వెన్ను మీది మొలకకు అసలే సంబంధించినది కాదు. పంట మీద మొలకెత్తకుండా ఆపేది గింజకు ఉండే నిద్రావస్థ, అది వేరే జన్యువుల పని. ఇదంతా నేను ఆయనకు దాచకుండా చెప్పాను.

కానీ తిరిగి వస్తూ దారిలో ఆయన మాటలోనే ఒక విషయం తట్టింది. జూలైలో నారు పోతే మళ్లీ పోసుకోవచ్చు, నిజమే. అలా పోసిన నారును నాటేది ఆగస్టు దాటాక, కోత కోసేది డిసెంబరులో, అంటే సరిగ్గా తుపానుల మధ్యలో. జూలై ముంపును మొక్క తట్టుకుంటే పంట తన సమయానికే ఇంటికి చేరే అవకాశం ఉంటుంది. అయితే మునిగి తేరుకున్న మొక్క కూడా కొంత ఆలస్యంగానే ఈనుతుంది. ఆ ఆలస్యం ఎంతో తెలియకుండా ఈ మాట రైతుకు చెప్పకూడదని, ముంపు పరీక్షలో బతికిన మొక్కల లెక్కతో పాటు, సగం మొక్కలు ఈనడానికి పట్టిన రోజులను కూడా నమోదు చేయాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. మొదట ఆమోదం పొందిన ప్రణాళికలో ఆ కొలత లేదు.

మూడో బ్యాక్‌క్రాస్ తరువాత మొక్కలను స్వపరాగ సంపర్కానికి వదిలి, రెండు ప్రతులలోనూ సబ్-1 ఉన్న నాలుగో వంతు సంతానాన్ని ఎంచుకునే పనిలో ఉండగా, 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి జన్యు సవరణ పద్ధతిలో, అంటే మొక్క సొంత జన్యువులోనే కోరిన చోట మార్పు చేసి, రూపొందించిన రెండు వరి రకాలను ప్రకటించారు. వాటిలో ఒకటి సాంబ మసూరి నుంచి వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 100, కమల అని పేరు, మరొకటి ఎంటీయూ 1010 నుంచి వచ్చింది. ఆ వారమంతా బంధువులు ఫోన్ చేసి, నువ్వు చేస్తున్నదీ అదేనా అని అడిగారు. కాదు. మేము చేసింది పొలంలో పుప్పొడి దులిపి చేసిన మామూలు సంకరమే, జన్యువు ఎక్కడ ఉందో చూసుకోవడానికి మాత్రమే ప్రయోగశాలను వాడుకున్నాము. హైదరాబాదులో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా సంస్థ), వరి పరిశోధనా సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునేలా రూపొందించి 2008లో విడుదల చేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి కూడా ఇదే కోవలోది. నాకు జన్యు సవరణ మీద వ్యతిరేకత లేదు, కానీ ఈ రెండు పద్ధతులనూ ఒకే గాటన కట్టి భయపడడమూ, ఒకే గాటన కట్టి పొగడడమూ రెండూ తగవు.

ముంపు పరీక్షను సిమెంటు తొట్టిలో చేశాము. రెండు వారాల వయసు నారును ట్రేలతో సహా అడుగున అమర్చి, పక్కన మా అసలు సన్నరకాన్ని, స్వర్ణను, స్వర్ణ సబ్-1ను, ఎఫ్ఆర్ 13ఏ ను పోలికకు పెట్టి, మీటరుకు పైగా నీరు నింపి రెండు వారాలు ఉంచాలి. రోజూ ఉదయం నీటి ఉష్ణోగ్రత రాయాలి, ఎందుకంటే నీరు వేడెక్కినా, మురికిగా ఉన్నా మొక్క తొందరగా నీరసిస్తుంది. నీరు తీసే రోజు కుళ్లిన ఆకు వాసన ముక్కు పగలగొడుతుంది. ఆ రోజు ట్రేలను చూసినవారెవరైనా తప్పు రకానికే మార్కులు వేస్తారు. సబ్-1 లేని మొక్కలు చాచుకుని బారెడు పొడవుగా ఉంటాయి, సబ్-1 ఉన్నవి పొట్టిగా, బురద పట్టి, ఏ కదలికా లేనట్టు ఉంటాయి. రెండు మూడు రోజుల్లో ఆ పొడవాటివి మొదలు దగ్గరే వంగి, ఒకదాని మీద ఒకటి పడి కుళ్లిపోతాయి. పొట్టివాటిలో పాత ఆకులు ఎండినా, నడుమ నుంచి చుట్ట చుట్టుకున్న కొత్త ఆకు ఒకటి బయటికి వస్తుంది. ఆ ఆకు వచ్చిన మొక్కనే బతికినదిగా లెక్కిస్తాం. మా లైన్లలో ఎక్కువ భాగం స్వర్ణ సబ్-1తో సమానంగా నిలిచాయి. జన్యువు ఉందని జెల్ చెప్పిన కొన్ని మాత్రం తొట్టిలో వెనుకబడ్డాయి, వాటిని వదిలేశాము.

నిలిచిన లైన్ల బియ్యం పొడవు, వెడల్పు, అన్నం పొడిపొడిగా ఉంటుందో మెత్తబడుతుందో నిర్ణయించే అమైలోజ్ అనే పిండిపదార్థం శాతం కొలిచాము, అన్నం వండి కేంద్రంలోని కూలీలకూ సిబ్బందికీ పెట్టి మా పాత రకంతో పోల్చమన్నాము. మునిగి తేరుకున్న మొక్కలు మునగని వాటికంటే వారానికి పైగా ఆలస్యంగా ఈనాయి. మళ్లీ నారు పోసి నాటితే పట్టే ఆలస్యంతో పోలిస్తే ఇది తక్కువే, కానీ లెక్కలోకి తీసుకోవలసినదే, అందుకే ఆ పట్టికను థీసిస్‌లో విడిగా పెట్టాను. ఎంచుకున్న లైన్లను ఇప్పుడు అఖిల భారత సమన్వయ వరి పరిశోధన ప్రాజెక్టులో, ఇలా ఒకటి రెండు జన్యువులు మాత్రమే మారిన లైన్ల కోసం ఉన్న ట్రయల్‌కు ప్రతిపాదించాము. విత్తన సంచితో పాటు పంపే వివరాల పత్రంలో పొట్టు రంగు అన్న గడి దగ్గర ‘గడ్డి రంగు, మూల రకానికి భిన్నం’ అని రాశాము. గింజ నిద్రావస్థ కోసం మా కేంద్రంలోనే ఉన్న మరో రకంతో ఈ లైన్లను సంకరం చేసే పనిని నా జూనియర్ మొదలుపెట్టింది, ఆ పెద్దాయన ఊళ్లో ఆమె ఇప్పటికే రెండు మడులు అడిగి పెట్టుకుంది.