కామెట్ సార్ క్లాసు

మన బడి పాత విద్యార్థుల కమిటీ వాళ్ళు ఫోన్ చేసి హాస్టల్ సంగతులు రాయమన్నారు. అవి చింతచెట్టు కేసుతో సహా మన క్లాసు రేడియోగాడు నాకంటే బాగా రాస్తాడు. నేను మాత్రం కామెట్ విమానం కథ చెప్పి ఆ పేరే తెచ్చుకున్న మన కామెట్ సార్ గురించే రాస్తా.

తొమ్మిదో తరగతిలో సార్ ఇనప తీగ ముక్క తెచ్చి బొండాం చేతికిచ్చి అటూ ఇటూ వంచమన్నారు, గుర్తుందా? వంచినచోట వేడెక్కి, కాసేపటికి పుటుక్కుమంది. "కామెట్‌కి జరిగింది ఇదేరా" అని మొదలుపెట్టి, లాంగ్ బెల్ కొట్టినా ఆపలేదు. ప్రపంచంలో మొట్టమొదటి జెట్ ప్రయాణికుల విమానం అది, బ్రిటన్ వాళ్ళు చేసింది, 1952 మే 2న లండన్ నుంచి జోహానెస్‌బర్గ్‌కు బయల్దేరింది, అమెరికా దగ్గర అప్పటికి అలాంటిది లేనేలేదు. 1954లో ఇటలీ తీరాన ఎల్బా దీవి దగ్గర ఒకటి, నేపుల్స్ దగ్గర ఒకటి గాల్లోనే ముక్కలై సముద్రంలో పడ్డాయి. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఇంకో కామెట్‌ను నీళ్ళ తొట్టిలో పెట్టి, క్యాబిన్‌లో ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోతే, మొత్తం 3,057 ప్రయాణాల లెక్కకు వచ్చేసరికి సార్ వంచమన్న తీగలాగే రేకు చీలిపోయింది. కారణం దాచుకోకుండా అందరికీ చెప్పారు. ఆ పాఠం అందరికీ పనికొచ్చింది. 1958లో బోయింగ్ 707 వచ్చి మార్కెట్టంతా పట్టుకుపోయింది.

టీఎస్ఆర్-2 దగ్గరికొచ్చేసరికి సార్ గొంతు మారిపోయేది. 1964 సెప్టెంబర్‌లో ఎగిరిన ఆ బ్రిటన్ యుద్ధ విమానాన్ని 1965 ఏప్రిల్‌లో బడ్జెట్ రోజున రద్దు చేశారు, దాని బదులు కొంటామన్న అమెరికా ఎఫ్-111ను 1968లో అదీ వద్దన్నారు. బ్రిటన్ బ్లాక్ యారో రాకెట్ 1971 అక్టోబర్ 28న ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టేనాటికే ఆ ప్రాజెక్టు మూసేస్తున్నామని చెప్పేశారు. "తెలివి చాలక కాదురా, సగంలో వదిలేసి చెడ్డారు" అనేవారు. డబ్బు ఇబ్బంది ఉన్నమాట నిజమే గానీ, ఇన్నేళ్ళు ఇక్కడ బ్రిటన్‌లో ఉన్నాక కూడా నాకు సార్ మాటే సరైందనిపిస్తుంది.

1979 ఆగస్టులో మన ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడితే "మళ్ళీ పంపిస్తారు చూడండి" అన్నది ఆయనే. అదే రకం రాకెట్‌ను మళ్ళీ పంపిన 1980 జులై 18 పొద్దున ప్రేయర్ బెల్ కాకముందే మనందర్నీ మేడెక్కించారు. శ్రీహరికోట వైపు తెల్లటి గీత లేస్తుంటే సార్ కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు.

ఇంటర్, ఇంజనీరింగ్, బెంగళూరు, అన్నీ గబగబా అయిపోయాయి. ఇప్పుడు బ్రిస్టల్ పక్కన ఫిల్టన్‌లో ఎయిర్‌బస్ విమానాల రెక్కల ఫెటీగ్ పరీక్షలు, అంటే పదేపదే వంగితే లోహం ఎప్పుడు చీలుతుందో చూడటం నా పని. 1969లో బ్రిటన్ ప్రభుత్వం ఎయిర్‌బస్ నుంచి తప్పుకున్నా హాకర్ సిడ్లీ కంపెనీ సొంత డబ్బు కూడా పెట్టి రెక్కల పని వదల్లేదు. ఆ పని ఇంకా ఈ దేశంలో ఉందంటే దానివల్లే, నెల్లూరు జిల్లా పిల్లాడికి అందులో చోటు దొరికిందన్నా దానివల్లే. నా సంతకంతో మొదటి టెస్ట్ రిపోర్ట్ వెళ్ళిన రోజు సార్‌కు ఉత్తరం రాశాను. జవాబులో ఒక లైను ఆశీర్వాదం, మిగతా పేజీ అంతా ప్రశ్నలే: చీలిక ఎక్కడ మొదలైంది, ఎంత పొడవుంటే కంటికి కనిపిస్తుంది, ఎన్నాళ్ళకోసారి చూస్తారు?

ఇటు వచ్చేవాళ్ళు ఎవరైనా సరే మా ఇంట్లోనే దిగాలి. చివరిసారి ఎగిరిన కాంకర్డ్ సూపర్‌సానిక్ విమానం ఇక్కడి మ్యూజియంలోనే ఉంది, నేనే దగ్గరుండి చూపిస్తా.