నీడలో థర్మామీటర్, ఎండలో గాజు గోళం

స్కూలు పిల్లలు రోజూ బయటి ఉష్ణోగ్రత, ఎండ కాసిన గంటలు రాసుకునే ప్రాజెక్టంటే నాకు భలే ఇష్టం. పెద్ద ఖర్చుండదు, కానీ ఒకటి రెండు విషయాలు మొదట్లోనే పట్టించుకోకపోతే నెలల తరబడి రాసిన అంకెలన్నీ దండగ.

థర్మామీటర్ ఎక్కడ పెట్టారన్నదే అసలు సంగతి. బయటి వేడి కదా అని చాలామంది నేరుగా ఎండలో పెట్టేస్తారు. అప్పుడది గాలి ఎంత వేడిగా ఉందో చెప్పదు, ఎండకి తనెంత కాలిందో చెబుతుంది. గోడకి తగిలిస్తే గోడ వేడి చెబుతుంది. వాతావరణ కేంద్రాల్లో తెల్ల రంగు వేసి, పక్కలన్నీ వాలుగా పేర్చిన చెక్క పలకలతో ఓ పెట్టె కనిపిస్తుంది చూడండి, స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు, గాలి ఆడుతూ ఎండ తగలకుండా ఉండటానికే అదంతా. లోపల థర్మామీటర్ నేలకి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పెట్టె లేకపోతే రోజంతా నీడగా, గాలి తగిలేలా ఉన్న చోటు వెతుక్కోవాలి.

టైము కూడా ఒకటే ఉండాలి. ఒకరోజు ప్రేయర్ ముందు, ఇంకోరోజు లంచ్ బెల్లు కొట్టాక చూసి రాస్తే ఆ గ్రాఫ్‌లో కనిపించేది స్కూలు టైమ్‌టేబుల్, వాతావరణం కాదు. ఈ తలనొప్పి వద్దనుకుంటే రోజులో అన్నిటికన్నా ఎక్కువ, తక్కువ వేడిని గుర్తుపెట్టి ఉంచే గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటర్ కొనండి. జేమ్స్ సిక్స్ 1780లో కనిపెట్టిన యు ఆకారపు గొట్టం ఇప్పటికీ దొరుకుతుంది. పాదరసం తోసుకెళ్లిన చిన్న సూచిక అక్కడే ఆగిపోతుంది. రీడింగ్ దాని కింది అంచు దగ్గర చూడాలి, పై అంచు దగ్గర కాదు, చూశాక అయస్కాంతంతో మళ్లీ పాదరసం మీదికి దించాలి. దించడం మర్చిపోతే మర్నాడు కూడా నిన్నటి అంకె రావచ్చు.

ఇక ఎండ గంటలు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా లెక్కేస్తే వచ్చేది పగటి పొడవు, మబ్బు పట్టిన రోజు కూడా పగలు పగలే కదా. ఎండ కాసిన సమయం కొలవడానికి కాంప్‌బెల్ 1853లో మొదలుపెట్టగా స్టోక్స్ 1879లో మెరుగుపరిచిన పరికరం నాకు తెగ నచ్చుతుంది. ఓ గాజు గోళం, దాని వెనక ఒంపుగా ఓ అట్టముక్క, అంతే. ఎండ ఉన్నంతసేపూ అట్ట మీద సన్నగా కాలిన గీత పడుతూ పోతుంది, మబ్బు అడ్డొస్తే తెగిపోతుంది, సాయంత్రం ఆ గీత పొడవు కొలుచుకోవడమే. (ఆ గోళాన్ని క్లాసులో కిటికీ దగ్గర మాత్రం వదిలేయకండి, కర్టెన్ అంటుకోగలదు.) అది లేనివాళ్లు గంటకోసారి బయటికెళ్లి నీడ అంచు స్పష్టంగా పడుతోందా అని చూసి టిక్కు పెట్టుకున్నా ఉజ్జాయింపుగా సరిపోతుంది.

రెండు గ్రాఫ్‌లూ పక్కపక్కన పెట్టాక పిల్లలు ఎండ ఎక్కువున్న రోజే వేడెక్కువ అని తేల్చేస్తారు. అక్కడ ఆపకండి. గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేసి ఆ తేడాని ఎండ గంటలతో పోల్చమనండి. మబ్బు లేని రోజు నేల పగలు బాగా కాగుతుంది, రాత్రి కూడా ఆకాశం తేటగా ఉంటే ఆ వేడి త్వరగా పోతుంది, కాబట్టి తేడా పెద్దది. మబ్బు రోజు రెండూ దగ్గరికొస్తాయి. చలికాలంలో ఎండ బాగా కాసిన రోజే తెల్లవారుజామున వణికించడం కూడా ఇందుకే.