కత్తెర వద్దు, వేళ్లు చాలు

ఇవాళ జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌ నగరంలో, నార్డ్‌పార్క్‌ అనే పార్కులోని జపనీస్ తోటలో పైన్ చెట్టుకి నిచ్చెన వేశారు. అక్కడ మే నెలంటే పైన్ చిగుళ్లు గిల్లే కాలం, సూదాకులు విచ్చుకోకముందే.

కత్తెర పెడితే చిగురుతో పాటు ఆకులూ తెగి, కొసలు గోధుమరంగుకి తిరుగుతాయి. అందుకే వేళ్లతో విరవాలి. ఒక్కో కొమ్మ చివర మూడు నాలుగు చిగుళ్లొస్తాయి. నడిమి బలమైనదాన్ని మొదలంటా తీసేసి, మిగతావి సగానికి తుంచాలి. పైకొమ్మలకి జోరెక్కువ, అక్కడ మూడో వంతు ఉంచితే చాలు. కింద నీరసంగా ఉన్నవాటి జోలికే పోకూడదు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అన్నీ సమానంగా గిల్లేస్తారు, కొన్నేళ్లకి కింది కొమ్మ ఎండిపోతుంది. పోయిన కొమ్మ ఇక రాదు. ఆకు లేని ముదురు కొమ్మ నరికితే పైన్ చిగురించదు, మన వేపచెట్టు కాదుగా!

శరదృతువులో మరో విడత: పాత ఆకులు దూసేయాలి, లోపలికి వెలుతురు పోవాలి.

1975లో అక్కడి జపాన్‌వాళ్లు నగరానికిచ్చిన కానుక ఈ తోట. కానుకే గానీ, నిచ్చెన పని మాత్రం ఏటా ఉంటుంది. కొన్నేళ్లకోసారి జపాన్ నుంచి తోటమాలులూ వస్తారు. అప్పుడు వెళ్తే వాళ్ల చేతులు చూడండి, చెట్టు తర్వాత చూడొచ్చు.