డార్విన్ ఉత్తరాల్లో పావురాలు, కోళ్లు, బాతులు

చార్లెస్ డార్విన్ పేరు చెప్పగానే చాలామందికి గలాపగోస్ దీవులు, అక్కడి పక్షులు గుర్తుకు వస్తాయి. 1859లో వెలువడిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ మొదటి అధ్యాయం తెరిచి చూస్తే మాత్రం అందులో ప్రధానంగా కనిపించేవి పెరటి గూళ్లలో పెరిగే పావురాలు. ఆ అధ్యాయానికి కావలసిన సమాచారంలో చాలా భాగం ఆయనకు టపాలో వచ్చింది. కేంబ్రిడ్జిలో ఆయన ఉత్తరాలను 30 సంపుటాలుగా ప్రచురించి, అంతర్జాలంలోనూ అందరికీ అందుబాటులో ఉంచారు; వాటిలో పశుపక్ష్యాదుల పెంపకానికి సంబంధించినవి ఏరుకుని చదువుతూ వస్తున్నాను. నాకు అర్థమైనంతలో, డార్విన్ పెంపకందార్ల కంటిని నిండుగా నమ్మారు, వారి సిద్ధాంతాన్ని మాత్రం నమ్మలేదు.

మొదటి ప్రయత్నం పెద్దగా ఫలించలేదనే చెప్పాలి. 1839లో ఆయన ఎనిమిది పేజీల ప్రశ్నావళి ఒకటి అచ్చు వేయించి పెంపకందార్లకు పంపించారు. రెండు రకాలను కలిపి పుట్టించిన పిల్లలను మళ్లీ వాటిలో వాటికే జత కట్టిస్తే ఆ సంతానం స్థిరంగా ఉంటుందా, లేక తల్లిదండ్రుల రకాల్లో ఏదో ఒకదాని వైపు మళ్లుతుందా అన్నది అందులో మొదటి ప్రశ్న. జార్జ్ టోలెట్, రిచర్డ్ ఫోర్డ్ అనే ఇద్దరు ఓపికగా జవాబులు రాశారు గాని, అటువంటి ప్రశ్నకు ఏ రైతైనా నాలుగు మాటల్లో ఏం చెప్పగలడు? 1855 నుంచి రాసిన ఉత్తరాల తీరు వేరు. ఎవరి దగ్గర ఏముందో తెలుసుకుని, వారు చేత్తో పట్టుకుని చూసి చెప్పగలిగినదే అడిగారు.

ఆ సంవత్సరం మార్చిలో, చదువుకునే రోజుల నాటి స్నేహితుడూ బంధువూ అయిన విలియం డార్విన్ ఫాక్స్‌కు రాసిన ఉత్తరమే చూడండి. లక్కా పావురపు పిల్లకు ఏ వయసులో తోక ఈకలు లెక్క పెట్టడానికి వీలుగా ఎదుగుతాయని అందులో అడిగారు. పైగా, తాను పావురం పిల్లను ఎన్నడైనా చూసినట్టే లేదని ఒప్పుకున్నారు. మామూలు పావురానికి పన్నెండో పద్నాలుగో తోక ఈకలుంటే, లక్కాకు ముప్ఫై నుంచి నలభై దాకా ఉంటాయి. ఈ తేడా పుట్టుకతోనే ఉంటుందా, పెరిగే కొద్దీ బయటపడుతుందా అన్నది ఆయన అసలు సందేహం. గుడ్డు నుంచి బయటపడి పన్నెండు గంటలైనా కాని పిల్లల ముక్కు, నోరు, పాదం, కాలు కొలిచి, పెద్ద పక్షుల కొలతలతో పోల్చిన తరువాత తేలింది ఏమిటంటే, పెద్దవాటిలో కొట్టొచ్చినట్టు కనిపించే భేదం పిల్లల్లో చాలా తక్కువ. పొట్టిముక్కు టంబ్లర్ అనే పావురం రకం ఒక్కటే దీనికి మినహాయింపు. ఈ పరిశోధన కోసం పది రోజుల పిల్లనొకదాన్ని చంపవలసి వచ్చినప్పుడు, అదొక ఘోరకృత్యమన్నట్టు ఫాక్స్‌కు ఆయన రాసిన ఉత్తరం చదివితే నవ్వూ జాలీ రెండూ కలుగుతాయి.

కోళ్లూ పావురాల విషయంలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వ్యక్తి, వాటి పెంపకంలో నిపుణుడైన విలియం టెగెట్‌మైయర్. 1855లో మొదలైన వారి ఉత్తర ప్రత్యుత్తరాలు పాతికేళ్లకు పైగా సాగాయి. అదే కాలంలో డార్విన్ లండన్‌లోని రెండు పావురాల క్లబ్బుల్లో చేరారు. 1859 నవంబరులో జీవశాస్త్రజ్ఞుడైన మిత్రుడు హక్స్‌లీకి రాసిన ఉత్తరంలో ఒక ముచ్చట ఉంది. ఒక సాయంత్రం లండన్ బరో ప్రాంతంలో, జిన్ అమ్మే దుకాణంలో పావురాల వాళ్ల మధ్య కూర్చుని ఉండగా, బుల్ట్ అనే ఆయన తన పౌటర్ (మెడ సంచి ఉబ్బించే రకం) పావురాలకు పరిమాణం పెంచడానికి వాటిని భారీగా ఉండే రంట్ రకంతో కలిపాడన్న మాట ఎవరో ఎత్తారట; అంతే, అందరూ ఘోరం జరిగిపోయినట్టు గంభీరంగా తలలు ఊపారట. రకాలను మెరుగుపరచడంలో సంకరం పాత్ర ఎంత స్వల్పమో, ఒకే రకంలో తరతరాలుగా చేసే ఎంపిక పాత్ర ఎంత గొప్పదో డార్విన్‌కు ఆ తల ఊపుళ్లలో కనిపించింది.

అయితే అదే మనుషులు, ప్రతి ప్రధాన రకమూ వేరు వేరు అడవి జాతి నుంచి పుట్టిందని గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం లేని పెంపకందారు ఒక్కడూ తనకు తారసపడలేదని డార్విన్ రాశారు. తరతరాలుగా చిన్న చిన్న తేడాలను ఎంచి పోగుచేస్తున్నది తామే అయినా, వాటి మొత్తం ఎంత అవుతుందో వారు లెక్క కట్టలేదు. ఆయన తన లెక్కను గూటిలోనే తేల్చుకున్నారు. తెల్లని లక్కాలను నల్లని బార్బ్ పావురాలతో కలిపితే గోధుమ, నలుపు మచ్చల పిల్లలు పుట్టాయి. వాటిని మళ్లీ కలిపితే, ఆ తెల్ల తాతకు, నల్ల అవ్వకు పుట్టిన మనవడొకడు అచ్చం అడవి జాతి అయిన కొండ పావురంలా నీలివర్ణంతో, తెల్లని నడుముతో, రెక్క మీద రెండు నల్ల పట్టీలతో తయారయ్యాడు. రకాలన్నింటికీ మూలం ఒకటే అనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం ఆయన పుస్తకంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

ఈ ఉత్తరాల్లో మన వైపు ప్రస్తావనా ఉంది. 1856 జనవరిలో డార్విన్ వాల్టర్ ఇలియట్‌కు ఉత్తరం రాసి, ఇక్కడి పావురాల, కోళ్ల చర్మాలు పంపమని కోరారు. ఇలియట్ అప్పటికి మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు. అంతకుముందు ఉత్తర సర్కారులకు కమిషనరు. 1845లో అమరావతి స్తూపం శిల్పాలను తవ్వించి మద్రాసుకు తరలించినవాడూ, 1859లో తెలుగు జిల్లాల మొక్కల పేర్లతో ‘ఫ్లోరా ఆంధ్రిక’ ప్రచురించినవాడూ ఆయనే. ఇండియా నుంచి చర్మాలు పంపినందుకు ఆయనకు, పర్షియా నుంచి పంపినందుకు చార్లెస్ ముర్రేకు డార్విన్ తన పుస్తకంలో ప్రత్యేకంగా కృతజ్ఞత చెప్పారు. ఇక్కడ ఇంకో సంగతి: పైన చెప్పిన తెల్లని నడుము గుర్తు మన పావురాలకు వర్తించదు. ఇక్కడి ఉపజాతికి ఆ భాగం నీలిరంగులో ఉంటుందని డార్విన్ విడిగా గుర్తించి రాశారు. గుడి గోపురం మీది పావురం ఎగిరినప్పుడు ఎవరైనా చూడవచ్చు.

కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసే ఎడ్వర్డ్ బ్లైత్ ఉత్తరాలైతే చిన్న చిన్న గ్రంథాలే. కోళ్లన్నీ అడవికోడి సంతతేనన్న బ్లైత్ అభిప్రాయానికి డార్విన్ ఎంతో విలువ ఇచ్చారు. మూపురం ఉన్న మన పశువుల అరుపు, అలవాట్లు, శరీరతత్వం గురించి బ్లైత్ తెలిపిన వివరాలను బట్టే, వాటి మూలం యూరప్ పశువుల మూలం కంటే వేరై ఉంటుందని ఆయన అనుకున్నారు. తరువాతి కాలపు జన్యు పరిశోధనలు ఈ ఊహను బలపరచాయి. పావురాలకు ఒకటే మూలమని తేల్చిన మనిషి పశువుల దగ్గరికి వచ్చేసరికి అదే సూత్రాన్ని బలవంతంగా రుద్దకపోవడం నాకు బాగా నచ్చిన విషయం.

అన్నీ సరిగ్గా చెప్పారని కాదు. పెంపుడు బాతు ఎముకలు తూచి, అస్థిపంజరం మొత్తంతో పోలిస్తే అడవి బాతు కంటే రెక్క ఎముకలు తేలికగా, కాళ్ల ఎముకలు బరువుగా ఉన్నాయని ఆయన గమనించారు. తూకం నిజమే. ఎగరడం తగ్గి నడవడం పెరిగినందువల్ల వచ్చిన మార్పు పిల్లలకు సంక్రమించిందన్న వివరణ మాత్రం నిలబడలేదు. 1868లో రెండు సంపుటాలుగా తెచ్చిన పెంపుడు జంతువుల, మొక్కల గ్రంథంలో అనువంశికతకు ఆయన ప్రతిపాదించిన ‘పాంజెనెసిస్’ (శరీరంలోని అన్ని భాగాల నుంచీ సూక్ష్మ కణాలు సంతానానికి చేరతాయన్న) సిద్ధాంతానిదీ అదే గతి. అయినా ఆ గ్రంథంలో అధోజ్ఞాపికల (ఫుట్‌నోట్ల) నిండా ఏ సంగతి ఎవరు తెలిపారో పేరుపేరునా ఉంటుంది. ఉత్తరాలు చదవాలనుకునేవారు టెగెట్‌మైయర్‌కు రాసినవాటితో మొదలుపెట్టడం మంచిది; అవి పొట్టివి, పనికి సంబంధించినవి, పుంజుల మీదా పెట్టల మీదా ప్రశ్నలతో నిండినవి.