కొమ్మకూ కొమ్మకూ మధ్య

సిరొంచ తాలూకా, మహారాష్ట్ర, ఏప్రిల్, ఆదివారం

తెల్లవారకముందే పెద్దబాపుతో కలిసి వాగు దిక్కు బయలుదేరాను. ఇప్పపూల కాలం చివరికి వచ్చింది కనుక ఏరుకునేవారు పలుచబడ్డారు. రాలిన ఆకులకు పెట్టిన మంటల మసి మాత్రం చెట్ల మొదళ్ల చుట్టూ ఇంకా నల్లగానే ఉంది. టేకు చెట్లన్నీ మోడువారి ఉన్నాయి. ఈ రోజుల్లో మా అడవి దూరం నుంచి చూస్తే అంతా బూడిదరంగే. వాగు ఒడ్డున మాత్రం కొత్త ఆకు తొడిగిన ఏరుమద్దులు, నేరేళ్లు, మామిళ్లు వరుసగా పచ్చగా నిలబడి ఉంటాయి. చెట్ల మీదే బతికే పెద్ద ఉడుత బెట్టుడుత. ఎండకాలమంతా దానికి ఆ వరుసే ఇల్లు, ఆ వరుసే దారి.

బెట్టుడుత ఒక్క గూటితో సరిపెట్టుకోదు. పుల్లలు, ఆకులు కలిపి బంతిలా అల్లిన గూళ్లను తాను తిరిగే మేరలో అనేకం కట్టుకుని, కొన్నింటిలో పడుకుంటూ, ఒకదానిలో పిల్లలను పెంచుతుంది. ఈ రోజు కిలోమీటరు లోపలే 5 గూళ్లు లెక్కపెట్టాను. అన్నీ చిటారున, సన్నని కొమ్మల నడుమనే ఉన్నాయి. చెట్టు ఎత్తుగా ఉంటే చాలదు, దాని కొమ్మలు పక్క చెట్టు కొమ్మలను తాకుతూ ఉండాలి. ఎందుకంటే డేగ పైనుంచి దిగినా, చిరుత మొదలెక్కినా అది తప్పించుకునేది కొమ్మల మీదుగానే. చేను గట్టున ఒంటరిగా మిగిలిన తాని చెట్టు వీటన్నింటికంటే పెద్దదే, కానీ దాని మీద ఒక్క గూడూ లేదు.

ఆరున్నరకు ఒకటి బయటికి వచ్చింది. వెనుక కాళ్లతో కొమ్మను గట్టిగా పట్టి, ఒంటిని ఒకవైపు వేలాడవేసి, ఒంటికంటే పొడవైన తోకను రెండోవైపు వదిలి, త్రాసులా తూగుతూ తునికి పండును రెండు చేతులతో తిప్పి తిప్పి తిన్నది. తొక్క ముక్కలు మా కాళ్ల ముందే రాలాయి. పెద్దబాపు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

అక్కడి నుంచి కల్వర్టు దగ్గరికి నడిచాము. రెండేళ్ల కింద రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇరువైపుల నేరేళ్లనూ కొట్టివేశారు. అంతకుముందు వాటి కొమ్మలు రోడ్డు మీద కలిసి ఉండేవి. ఇప్పుడు కొమ్మల చివరల కింద నిలబడి అడుగులేసి కొలిస్తే ఖాళీ 12 మీటర్లు తేలింది. బెట్టుడుత దూకగలిగేది ఆరు మీటర్ల దాకానే. అవతలి వైపు మద్ది మీద రెండు పాత గూళ్లు విచ్చిపోయి, ఎండు పుల్లలు వేలాడుతున్నాయి.

“ఆ నేరేడు పోయినంక అటు దిక్కు గూళ్లు పాడువడ్డయి బిడ్డా. కొత్తది కట్టినట్టే లేదు,” అన్నాడు పెద్దబాపు.

అడవి ఎన్ని ఎకరాలు మిగిలిందన్న లెక్కలో ఈ 12 మీటర్లు ఎక్కడా కనిపించవు. ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతో చెప్పే ప్రపంచ ఎర్ర జాబితాలో బెట్టుడుతను పెద్ద ఆందోళన లేనిదానిగానే పెట్టారు. కానీ గుజరాత్‌లోని డాంగ్స్ అడవుల లేతరంగు బెట్టుడుత కనుమరుగైపోయిందని చదివిన నాటి నుంచి నాకు ఆ మాట ధైర్యం ఇవ్వడం లేదు. ఒక జంతువు దేశమంతటా ఒకేసారి పోదు, ఒక్కొక్క వాగు దగ్గర పోతూ వస్తుంది. అస్సాంలోని హొల్లొంగాపార్‌లో రైలు పట్టాలు అడవిని రెండుగా చీల్చితే, నేల మీదికి దిగడానికి వెనుకాడే హూలాక్ గిబ్బన్లు అనే తోకలేని వానరాలు ఆ పక్కవి ఆ పక్క, ఈ పక్కవి ఈ పక్క చిక్కుకున్నాయి. తమిళనాడులోని వాల్పారైలో తేయాకు తోటల నడుమ మిగిలిన అడవి ముక్కల్లో బతుకుతున్న సింహపుతోక కోతుల కోసం రోడ్డుకు అడ్డంగా చెట్టు నుంచి చెట్టుకు వేలాడే వంతెనలు కట్టారు. అవి వాటి మీదుగా దాటుతున్నాయి కూడా. మా కల్వర్టు దగ్గర అటువంటి ఒక్క వంతెన కట్టడానికి రెండు గట్టి చెట్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

మధ్యాహ్నం అటవీ అధికారులకు మరాఠీలో అర్జీ రాయడానికి కూర్చున్నాను. బెట్టుడుతను మరాఠీలో ఏమంటారో నాకు వెంటనే తట్టలేదు. “శేకరు, బాపూ. మన రాష్ట్ర జంతువు. మా పుస్తకంల ఉన్నది,” అన్నది నా బిడ్డ. తాను దాన్ని ఇంతవరకూ చూడలేదట. అర్జీలో గూళ్ల లెక్క, కొలిచిన దూరం, మిగిలిన రెండు చెట్ల పేర్లు రాశాను. వచ్చే ఆదివారం తెల్లవారుజామున ముగ్గురం కలిసి వాగు దగ్గరికి వెళ్తున్నాము.