నాన్న గడియారం, ఎంఓ 4

2018 నవంబరులో ఒక రాత్రి మా నాన్నను ఇద్దరు మనుషులు దారి కాచి, చేతిలో ఉన్న సంచి కోసం పొడిచి చంపారు. సంచిలో ఆ మధ్యాహ్నం బ్యాంకు నుంచి తీసిన డబ్బు ఉంది. జేబులో ఫోను, ఎడమ చేతికి పదవీ విరమణ రోజున తోటి ఉద్యోగులు పెట్టిన హెచ్‌ఎంటీ గడియారం ఉన్నాయి. ఆ కేసులో నేను ఫిర్యాదిని, మొదటి సాక్షిని, కోర్టు లెక్కలో పీడబ్ల్యూ 1ని. ఐదేళ్ల పాటు ఠాణాకూ కోర్టుకూ తిరిగి తెలుసుకున్న విషయాల్లో కొన్నయినా, ఇదే దారిలో ఇప్పుడే అడుగు పెట్టవలసి వచ్చిన వారికి పనికి వస్తాయన్న ఆశతో ఇది రాస్తున్నాను.

"మృతుడికి మీరేమవుతారు?" అని ఆ రాత్రి ఠాణాలో అడిగినప్పుడు, ఎవరి గురించి అడుగుతున్నారో నాకు కొంతసేపు అర్థం కాలేదు. సాయంత్రం ఆరున్నరకు ఫోను చేసి "బయలుదేరానమ్మా, మీరు తినేయండి" అన్న మనిషి మృతుడు ఎలా అవుతారు? ఆ తరువాత ఐదేళ్లలో ఆ మాటను ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. కాగితాల మీద నేనే రాయవలసి వచ్చింది కూడా. అలవాటు మాత్రం కాలేదు.

ఆ రాత్రే ఫిర్యాదు రాసిచ్చాను. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది కాబట్టి అడిగి తీసుకోవాలి. మాకు తెలియక మూడు రోజుల తరువాత తీసుకున్నాం. అప్పుడు చదువుకుంటే, సంచి పోయిందనీ ఫోను పోయిందనీ రాశాను గానీ గడియారం సంగతే రాయలేదు. మరునాడు ఉదయం ఆసుపత్రి శవాగారం దగ్గర పంచనామా జరిగింది. చివరిసారి ప్రాణాలతో ఎవరు చూశారు, ఏ సమయంలో చూశారు, ఎవరి మీదనైనా అనుమానం ఉందా అని అడుగుతుండగా నాన్న ఎడమ మణికట్టు మీద గడియారం ఉండే చోట చర్మం తెల్లగా కనబడింది. అప్పుడే గుర్తొచ్చి చెప్పాను. ఆ రోజు మధ్యాహ్నం దర్యాప్తు అధికారి నా వాంగ్మూలం రాసుకున్నప్పుడు మళ్లీ చెప్పి, రాసింది చదివి వినిపించమని కోరాను. పోలీసులకు ఇచ్చే ఈ వాంగ్మూలం (అప్పటి నేర విచారణ స్మృతి, అంటే సీఆర్‌పీసీలోని సెక్షన్ 161 కిందిది) మీద సాక్షి సంతకం ఉండదు. వినకుండా వచ్చేస్తే అందులో మన పేరున ఏముందో మనకే తెలియదు. నేను విన్నందుకు ఒక తప్పు దొరికింది. ఆరున్నరకు వచ్చిన ఫోనును ఎనిమిదిన్నర అని రాశారు. దాన్ని అక్కడికక్కడే దిద్దారు.

తొమ్మిదో రోజున ఇద్దరూ పట్టుబడ్డారు. కేసు కాగితాల్లో మొదటి నిందితుడు ఏ1, రెండో నిందితుడు ఏ2. ఏ1 చూపించిన చోట, సాక్షులుగా పిలిపించిన మధ్యవర్తుల సమక్షంలో గడియారం దొరికింది. ఏ2 దగ్గర ఏమీ దొరకలేదు. యావజ్జీవం పడగల నేరాల్లో నిందితుడు రిమాండులో ఉంటే 90 రోజుల్లోగా చార్జిషీటు వేయాలి, లేకపోతే కేసు ఎంత బలమైనదైనా అతనికి బెయిలు హక్కుగా వస్తుంది. మా కేసులో గడువుకు నాలుగు రోజుల ముందు వేశారు. ఆ నెలంతా మా తమ్ముడు క్యాలెండరు మీద రోజులు కొట్టేస్తూ గడిపాడు.

చార్జిషీటు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి తెచ్చుకున్న రాత్రి నేను ఒక పొరపాటు చేశాను. అందరూ పడుకున్నాక పోస్టుమార్టం నివేదికను ఒంటరిగా చదివాను. ఏడు గాయాలు ఉన్నాయి. వాటిలో రెండు కుడి అరచేతిలో. నాన్న కత్తిని చేత్తో పట్టుకుని ఆపబోయారని ఆ రెండు వాక్యాలు చెప్పాయి. అంతవరకు, ఆయనకు ఏమీ తెలియకముందే అయిపోయిందని మాకు చెప్పిన వాళ్ల మాటను పట్టుకుని బతుకుతున్నాను. ఆ కాగితాన్ని ముందుగా మీకు దగ్గరివారు, కానీ మీ అంత దగ్గరివారు కానివారు ఎవరైనా చదవాలి, అందులో ఏముందో మీరు అడిగినంత మేరకే చెప్పాలి. అమ్మకు నేను ఈనాటికీ అరచేతి సంగతి చెప్పలేదు.

మేజిస్ట్రేటు కోర్టులో పీఆర్సీ నంబరు (అక్కడ కేసుకు ఇచ్చే ప్రాథమిక నంబరు) పడటం, కేసు విచారణ కోసం సెషన్స్ కోర్టుకు కమిట్ కావడం, అంటే బదిలీ కావడం, అక్కడ అభియోగాలు ఖరారు కావడంతో 2020 జనవరి వచ్చింది. ఆ మార్చిలో లాక్‌డౌన్ పడి విచారణ నిలిచిపోయింది. ఈ మధ్యలో 2019లోనే ఏ1కు బెయిలు వచ్చిన సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఒక వాయిదా రోజున కోర్టు వరండాలో కుళాయి దగ్గర మంచినీళ్ల కోసం నిలబడితే, నా ముందున్న మనిషి నీళ్లు తాగి, గ్లాసు కడిగి నాకందించి పక్కకు తప్పుకున్నాడు. అతను ఏ1. గ్లాసు చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలుచున్నానో తెలియదు. ఆ రోజు నుంచి ఇంటి నుంచే నీళ్ల సీసా తీసుకెళ్లేదాన్ని.

ఆ ఘటన తరువాతే మేం ఒక న్యాయవాదిని పెట్టుకున్నాం. హత్య కేసు ప్రభుత్వమే నడుపుతుంది, కుటుంబానికి అక్కడ పనేమిటని అప్పటి వరకు అనుకున్నాం, ఇతరులు కూడా అదే చెప్పారు. నిజానికి 2009 చివరి రోజున అమల్లోకి వచ్చిన సీఆర్‌పీసీ సవరణతో, చనిపోయిన వ్యక్తి చట్టబద్ధమైన వారసులు కూడా బాధితుల నిర్వచనంలోకి వచ్చారు. ప్రభుత్వం తరఫున కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ (పీపీ)కు సహాయంగా సొంత న్యాయవాదిని పెట్టుకునే వీలు కూడా అప్పుడే కలిగింది. ఆ న్యాయవాది నేరుగా సాక్షులను ప్రశ్నించకూడదని రేఖా మురార్కా కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, అడగవలసినవి రాసి పీపీ గారికి ఇవ్వాలి, సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతితో రాతపూర్వక వాదన సమర్పించాలి. బెయిలు విచారణతో సహా ప్రతి దశలోనూ బాధితుల వాదన వినాలని జగ్‌జీత్ సింగ్ కేసులో 2022 ఏప్రిల్‌లో అదే కోర్టు చెప్పేనాటికి మాకు ఆ అవసరం దాటిపోయింది. ఇప్పుడు ఈ స్థితిలో ఉన్నవారు మాత్రం బెయిలు పిటిషన్ ఎప్పుడు వేశారో కనిపెట్టుకుని ఉండి, తమ అభ్యంతరం తప్పక వినిపించాలి. ప్రతి కేసుకూ విడిగా ఉండే, 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు దగ్గరుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో తరువాతి వాయిదా ఎప్పుడో, కిందటి వాయిదాలో ఏమైందో చూసుకోవచ్చు. నేను ప్రతి ఉదయం లేవగానే చేసిన పని అదే.

నా సాక్ష్యం 2022 జులైలో జరిగింది. అంతకు ముందు నాలుగుసార్లు సమన్లు అందుకుని వెళ్లి, సాయంత్రం దాకా కూర్చుని తిరిగొచ్చాను. ఒకసారి నిందితుల న్యాయవాది రాలేదు, ఒకసారి న్యాయమూర్తి గారు సెలవులో ఉన్నారు, తక్కిన రెండుసార్లు కారణం కూడా తెలియలేదు. వెళ్లేముందు ప్రతిసారీ ఆ రాత్రిని మొదటి నుంచి చివరి వరకు మనసులో నడిపించుకుని, చెప్పకుండానే మడిచి లోపల పెట్టుకుని వచ్చేదాన్ని. అమ్మ కూడా సాక్షే, పీడబ్ల్యూ 2. ఒకరి మాటలు మరొకరి మాటల్లో కలిసిపోతాయని మాకు చెప్పిన వాళ్లున్నారు. ఆ భయంతో ఒకే ఇంట్లో ఉంటూ కూడా మేమిద్దరం దాదాపు నాలుగేళ్లు ఆ సాయంత్రం గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. తరువాత తరువాత నాన్న గురించే మాట్లాడటం మానేశాం. ఈ కేసు మా దగ్గర తీసుకున్న వాటిలో నన్ను ఎక్కువగా బాధించేది అదే.

బెంచ్ క్లర్కు గారు లక్క ముద్ర తీసి, గుడ్డ మూట విప్పి, చీటీ కట్టిన గడియారాన్ని బల్ల మీద పెట్టారు. చీటీ మీద ఎంఓ 4 అని ఉంది, అంటే కేసులో నాలుగో వస్తు సాక్ష్యం (మెటీరియల్ ఆబ్జెక్ట్). పీపీ గారు దాన్ని నా చేతికిచ్చి, ఇది ఎవరిదని అడిగారు. మా నాన్నదన్నాను. ఎలా గుర్తుపట్టారని అడిగారు. 2015లో విషజ్వరం వచ్చి నాన్న బాగా చిక్కిపోయినప్పుడు గడియారం మణికట్టు మీద నిలవక మోచేతి దాకా జారేది. సూదిని మంట మీద కాల్చి తోలు బెల్టుకు నేనే ఇంకో రంధ్రం పెట్టాను. అది మిగతా వరుసలో పడకుండా ఒక పక్కకు ఒరిగి, చుట్టూ తోలు నల్లగా కమిలింది. కొత్త బెల్టు వేయిస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. నేను బెల్టు తిప్పి ఆ రంధ్రాన్ని న్యాయమూర్తి గారికి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని దగ్గరగా పట్టుకుని చూసి, స్టెనోకు డిక్టేషన్ ఇచ్చారు.

క్రాస్ ఎగ్జామినేషన్ గంటకు పైగా సాగింది. ఇలాంటి వాచీలు లక్షల్లో ఉంటాయి కదమ్మా అన్నారు నిందితుల న్యాయవాది. లక్షల్లో ఉన్నా ఈ రంధ్రం పెట్టింది నేనన్నాను. ఫిర్యాదులో వాచీ ఊసే లేదన్నారు. నిజమేనండి, ఆ రాత్రి గుర్తు రాలేదు, మరునాడు చెప్పానన్నాను. పోలీసులు ముందే చూపించి చెప్పమంటే చెబుతున్నారన్నారు. "అనడం వాస్తవం కాదు" అన్న మాటతో నా జవాబు నమోదైంది. అక్కడ నాకు తోడ్పడింది ఒక్కటే. గుర్తున్నది గుర్తున్నంతవరకే చెప్పాను, లేనిచోట లేదన్నాను. మూడుసార్లు గుర్తు లేదని చెప్పవలసి వచ్చింది, దానివల్ల కేసుకు నష్టమేమీ జరగలేదు. సాక్ష్యం అయ్యాక గడియారాన్ని వెనక్కి ఇచ్చేయాలని తెలిసి కూడా, బెంచ్ క్లర్కు గారు చెయ్యి చాపినప్పుడు వెంటనే ఇవ్వలేకపోయాను. ఆయన తొందర పెట్టలేదు. ఇచ్చేముందు బెల్టును ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. లక్క వాసన తప్ప మరేమీ రాలేదు.

అమ్మ సాక్ష్యం కూడా అదే వారం ముగిసింది. ఆ రాత్రి అమ్మే మొదలు పెట్టింది. "ఆయన ఫోను చేసినప్పుడు బస్సు హారన్ వినబడిందే, నీకూ వినబడిందా?" అని అడిగింది. వినబడిందన్నాను. తెల్లవారే దాకా మాట్లాడుకున్నాం. నాన్న పోయినందుకు నేను ఏడ్వగలిగింది ఆ రాత్రే. అంతకు ముందు కన్నీళ్లు వచ్చినప్పుడల్లా కోర్టులో చెప్పవలసింది చెదిరిపోతుందేమోనన్న భయం కూడా వాటి వెంటే వచ్చేది.

ఇద్దరినీ ఘటనా స్థలం దగ్గర చూశానని పోలీసులకు చెప్పిన వ్యక్తి బోనులోకి వచ్చి, తాను ఎవరినీ చూడలేదన్నాడు. ప్రాసిక్యూషన్ అతన్ని హోస్టైల్ (ఎదురు తిరిగిన) సాక్షిగా ప్రకటించింది. చాలాకాలం అతని మీద కూడా నాకు నిందితుల మీద ఉన్నంత కోపం ఉండేది. ఇప్పుడు అంత లేదు. సాక్షుల రక్షణ పథకం ఒకటుందని, దాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే చట్టంగా ఆమోదించిందని, బెదిరింపు ఉన్న సాక్షి జిల్లా సెషన్స్ న్యాయమూర్తి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని నాకే చాలా ఆలస్యంగా తెలిసింది. రోజు కూలి మీద బతికే అతనికి ఎవరు చెప్పి ఉంటారు?

2023 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. ఏ1కు అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో హత్యకు సంబంధించిన సెక్షన్ 302 కింద యావజ్జీవ శిక్ష, జరిమానా. చూసిన సాక్షి నిలబడలేదు, సొత్తు దొరకలేదు కాబట్టి సందేహం వల్ల కలిగే ప్రయోజనాన్ని ఏ2కు ఇచ్చి కేసు కొట్టేశారు. నేను ఊహించుకున్న తేలిక ఏదీ ఆ రోజు రాలేదు. తమ్ముడు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఏ2 వైపు వాళ్లు అతన్ని కౌగిలించుకుంటుంటే వాళ్లలో ఒక ముసలాయన నా వైపు చూసి తల దించుకున్నారు. అతని తండ్రి అయి ఉంటారు.

ఏ2ను విడుదల చేయడంపై మేం హైకోర్టులో అప్పీలు వేశాం. ప్రభుత్వం వేసినా వేయకపోయినా బాధితులు సొంతంగా అప్పీలు చేసుకునే హక్కును అప్పటి సీఆర్‌పీసీ సెక్షన్ 372 ఇచ్చింది. దానికి ముందస్తు అనుమతి అక్కర్లేదని మల్లికార్జున్ కొడగలి కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఏ1 కూడా తన శిక్ష మీద అప్పీలుకు వెళ్లాడు. రెండూ పెండింగులో ఉన్నాయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు బాధితుల పరిహారం కోసం దరఖాస్తు పెట్టడానికి తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. నాన్నకు వెల కట్టినట్టు ఉంటుందన్నాడు. అమ్మ పేరున అమ్మే పెట్టుకుంది. మా కేసంతా పాత చట్టాల కింద నడిచింది. 2024 జులై 1 నుంచి జరిగిన హత్యలకు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 103 వర్తిస్తుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదికి గానీ బాధితులకు గానీ పోలీసులే తెలియజేయాలని, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. చెప్పకపోతే ఆ నిబంధన చూపించి రాతపూర్వకంగా అడగండి.

తీర్పు చివరి పేజీలో, అప్పీలు గడువు తీరిన తరువాత ఎంఓలను ధ్వంసం చేయాలని ఒక వాక్యం ఉంది. మిగతా పేజీలన్నీ అంత శ్రద్ధగా చదివి ఆ పేజీ తిప్పేయబోయాను. మా న్యాయవాది ఆపి చూపించారు. కత్తి, రక్తం మరకలున్న చొక్కా, సంచి, వాటితో పాటు గడియారం కూడా ఆ జాబితాలో ఉంది. గడియారాన్ని మాకు తిరిగి ఇప్పించమని మరుసటి వారమే పిటిషన్ వేశాం. అప్పీళ్లు తేలే వరకు దాన్ని భద్రపరచాలని, ఆ తరువాత మా విన్నపాన్ని పరిశీలిస్తామని కోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం ప్రతిని అమ్మ తన పింఛను కాగితాల సంచిలో పెట్టుకుంది. వాయిదా ఎప్పుడని ఇప్పుడు అడగడం లేదు. గడియారం ఎప్పుడిస్తారని అడుగుతుంది. అప్పీలు తేలాక అని చెబుతున్నాను.